జిప్సం బోర్డు పనికి బెజవాడలో మనిషిని పెట్టుకోవడం: ఒకసారి దెబ్బతిని, ఒకసారి బాగా చేయించుకున్నవాడి జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: పటమటలో పాత ఫ్లాటు, పెద్ద హాలును జిప్సం బోర్డు పార్టిషన్‌తో రెండు చేసి పాపకు చదువుకునే గది చేయాలి, పనిలో పనిగా బెడ్‌రూమ్ ఫాల్స్ సీలింగ్‌లో పడ్డ పగుళ్లు, మూలన వచ్చిన పసుపు మరక బాగుచేయించాలి, దానికి పని తెలిసిన మనిషి ఎక్కడ దొరుకుతాడు, ఎంతవుతుంది. ఎంతవుతుందో నేను చెప్పను. నేను ఇచ్చింది ఎప్పటి రేటో, అది పట్టుకుని మీరు ఇప్పుడు మేస్త్రీతో గొడవపడతారు. మనిషి సంగతి మాత్రం చెప్పగలను.

సత్యనారాయణపురంలో మా ఇంటి హాలుకు మొదటిసారి సీలింగ్ వేయించినప్పుడు ఒక కాంట్రాక్టరు వచ్చి ఫోన్లో యాభై ఫొటోలు చూపించాడు, ఒకదాన్ని మించి ఒకటి, ఏది ఎవరిల్లో అడగాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు, అడ్వాన్సు ఫోన్‌పే కొట్టేశాను. మర్నాడు నిచ్చెన వేసుకుని వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఆయన మనుషులు కారు. ఆయన ఇంకొక మేస్త్రీకి ఇచ్చాడు, ఆ మేస్త్రీ వీళ్లకు అప్పజెప్పాడు. వాళ్లకు తెలుగు రాదు, నా హిందీ 'కితనా', 'కల్ ఆవో' దాటదు. తప్పు వాళ్లది కాదు లెండి, ఇచ్చిన సామానుతో, ఇచ్చిన రోజుల్లో ముగించారు. నాలుగు రోజుల్లో సీలింగ్ అద్దంలా తయారైంది, సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్లంతా మెడలెత్తి చూశారు. వానలు పోయి మళ్లీ ఎండలు ముదిరేసరికి ప్రతి బోర్డు కలిసేచోట ఒక సన్నటి గీత. బూజు అనుకుని మా ఆవిడ బూజుకర్రతో రెండు మూడుసార్లు దులిపింది కూడా.

తరవాత ఇంకో మేస్త్రీని పిలిస్తే ఆయన ఏమీ మాట్లాడకుండా స్టూలెక్కి, పుట్టీ బ్లేడు మొన ఆ గీతలో పెట్టి మెల్లగా లాగాడు. జానెడు పొడుగు లప్పం అప్పడం ముక్కలా ఊడి ఆయన అరచేతిలో పడింది. దాని వెనక ఏమీ లేదు, బోర్డులు కలిసేచోట అద్దాల్సిన కాగితం టేపు లేదు. రెండు బోర్డుల మధ్య సందులో లప్పం కూరి, పైన గీకి, రంగేశారు, అంతే. "ఇది సీలింగ్ కాదు సార్, మేకప్" అన్నాడు. అప్పటికి నాకు నవ్వు రాలేదు.

మీ బెడ్‌రూమ్ పగుళ్లు కూడా తిన్నగా, గీత గీసినట్టు, ఆరడుగులకో నాలుగడుగులకో వస్తున్నాయంటే నూటికి తొంభై పాళ్లు ఇదే సంగతి. మామూలుగా మనకు దొరికే బోర్డు ఆరడుగులు బై నాలుగడుగులు, మందం 12.5 మిల్లీమీటర్లు. పొడుగు వైపు అంచులు కాస్త పల్చగా, లోపలికి వాలి ఉంటాయి, అవి అలా ఉన్నదే టేపు, దాని మీద మసాలా కూర్చుని పైకి ఉబ్బకుండా ఉండడానికి. పద్ధతిగా చేసేవాడు ముందు జాయింటింగ్ కాంపౌండ్ పూసి, అది తడిగా ఉండగానే కాగితం టేపు అద్ది, బ్లేడుతో నొక్కి, ఆరనిచ్చి, దాని మీద ఇంకా వెడల్పుగా రెండో కోటు, అది ఆరాక మూడోది వేస్తాడు. ఆరడానికి టైము పడుతుంది కాబట్టే పొద్దున జాయింటు కొట్టి సాయంత్రం రంగేస్తానన్నవాడిని నమ్మకూడదు. మామూలు పెయింటర్ల లప్పం ఈ పనికి పనికిరాదు, అది గోడ నునుపుకి.

ఇక మనిషిని ఎలా పట్టుకోవాలి. గవర్నరుపేట, వన్‌టౌన్ వైపు ప్లైవుడ్, హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే ముగ్గురు నలుగురి నంబర్లు ఇస్తారు. నేనూ అలాగే తీసుకున్నాను, కానీ షాపువాడు ఇచ్చేది తన దగ్గర సరుకు ఎక్కువ కొనేవాడి నంబరు, అది గుర్తుపెట్టుకోండి. నంబరు ఎక్కడ దొరికినా ఒకటే అడగండి: "మీరు పోయినేడాది చేసిన ఇల్లు ఒకటి చూపించండి." నిన్న చేసింది కాదు, ఒక వేసవి, ఒక వానాకాలం దాటినది. తీసుకెళ్లి చూపిస్తే సాయంత్రం పూట వెళ్లండి, లైట్లు ఆర్పించి ఫోను టార్చి గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఎదురుగా చూస్తే కనిపించని గతుకులు, ఉబ్బిన జాయింట్లు, స్క్రూ గుంటలు అన్నీ నీడలతో సహా బయటపడతాయి. ఇద్దరు ఇల్లు చూపించకుండా ఫొటోలు పంపిస్తామన్నారు, వాళ్లకు దండం పెట్టేశాను. మూడో ఆయన భవానీపురంలో ఒకరింటికి తన బండి మీదే తీసుకెళ్లాడు, ఆ ఇంటావిడ కాఫీ ఇచ్చి, ఈయన మీద ఒక ఫిర్యాదు కూడా చెప్పింది, చెప్పిన రోజుకు రాడని. జాయింట్లు మాత్రం మచ్చ లేకుండా ఉన్నాయి. రోజు తప్పేవాడితో సర్దుకోవచ్చు అనుకుని ఆయనకే ఇచ్చాను, నిజంగానే రెండుసార్లు తప్పాడు.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి, నిచ్చెన ఎక్కేది ఎవరు అని. పని ఒప్పుకునేవాడు, చేసేవాడు ఒకరే అయితే మేలు. కాకపోతే చేసేవాడితో ఒకసారి మాట్లాడనివ్వమనండి.

కొలతల దగ్గర కూడా మాట ముందే తెగాలి, మేం అక్కడా గొడవపడ్డాం. చదరపు అడుగుకి ఇంత అంటారు సరే, లైట్ల కోసం చుట్టూ దింపే పట్టీ నిలువు భాగం అందులో కలిసిందా, రన్నింగ్ ఫీట్ లెక్కన, అంటే పొడుగు ఎన్ని అడుగులో చూసి, వేరేగా వేస్తారా? పార్టిషన్‌కైతే రెండు వైపుల బోర్డు కలిపి ఒక రేటా, ఒక్కో వైపుకు ఒక రేటా? మీ హాల్లో పదడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు పార్టిషన్ అనుకుందాం, ఒక వైపు 95 చదరపు అడుగులు, రెండు వైపులా 190. బోర్డు ఒకటి 24 చదరపు అడుగులు కాబట్టి ఎనిమిది బోర్డులు సరిపోతాయి, కోతల్లో పోయేదానికి ఒకటి అదనం, తొమ్మిది. పద్నాలుగు బోర్డులు బిల్లు వేస్తే ఎందుకని అడగడానికి ఈ లెక్క చాలు. చివరికి ఇదంతా ఒక తెల్లకాగితం మీద రాయించుకున్నాను, సంతకం అడిగితే మొహమాటంగా నవ్వాడు గానీ పెట్టాడు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. బోర్డు బిగించాక లోపల ఏముందో దేవుడికే తెలియాలి, కాబట్టి ఫ్రేమ్ అయిపోయాక, బోర్డు ఎక్కించకముందు ఒక పూట పని ఆపించి మీరే చూడండి. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను ఆ రోజు. కొలత టేపు పట్టుకుని సీలింగ్ చానెళ్ల, అంటే బోర్డు బిగించే రేకు పట్టీల, మధ్య దూరం కొలవండి, అడుగున్నర ఉండాలి, రెండడుగులు చేస్తే ఏడాదికి బోర్డు మధ్యలో కడుపు పడుతుంది. వాటిని మోసే పై చానెళ్లు నాలుగడుగులకొకటి. పార్టిషన్‌లో నిలువు చానెళ్లు రెండడుగులకొకటి. బోర్డు మీద కంపెనీ పేరు చూసి అందరూ మురిసిపోతారు, చానెల్ మందం ఎవరూ చూడరు. అర మిల్లీమీటరు ఉండాలి, వేళ్లతో నలిపితే వంగిపోయే రకం వచ్చిందంటే అప్పుడే వెనక్కి పంపేయండి. ఫ్యాను స్లాబు కొక్కేనికే వేలాడాలి, చానెళ్లకు కాదు. స్క్రూలు జానెడుకొకటి, తల కాగితంలోకి దిగాలి గానీ కాగితాన్ని చింపకూడదు, చింపితే ఆ స్క్రూ ఉన్నా లేనట్టే.

మీ పార్టిషన్ మీద పాప పుస్తకాల అల్మరా, టీవీ లాంటివి తగిలించే ఉద్దేశం ఉంటే అది కూడా ఆ రోజే చెప్పాలి. లోపల ఆ ఎత్తులో ప్లైవుడ్ పట్టీ బిగించి దాని మీద బోర్డు వేస్తారు. తరవాత చెబితే మేకు కొట్టినా ఊడి వస్తుంది. ఏసీ ఇండోర్ యూనిట్ మాత్రం ఇటుక గోడకే పెట్టించుకోండి. ప్లగ్ బోర్డుల వైరింగ్ కూడా మూయకముందే. చదువుకునే గది అంటున్నారు కాబట్టి మధ్యలో గ్లాస్‌వూల్ కానీ రాక్‌వూల్ కానీ నింపించండి, లేకపోతే హాల్లో సీరియల్ డైలాగులు పాప నోటుబుక్కులో రాసుకుంటుంది. మొత్తం మందం మూడంగుళాలే, స్థలం ఏమీ పోదు.

నేల దగ్గర ఒక్క సంగతి. బోర్డును నేలకు ఆనించేయొద్దు, సెంటీమీటరు పైకి లేపి బిగించి, కింద స్కర్టింగ్ పెట్టించాలి. ఆనిస్తే రోజూ తడిగుడ్డ పెట్టే నీరు దీపంలో వత్తి నూనె పీల్చినట్టు పైకి పీల్చేస్తుంది. నీళ్లకు ఈ బోర్డు ఎంత ఓర్చుకోలేదో 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లింట్లో చూశాను. కింది పోర్షన్‌లో నీళ్లు నడుము దాకా రోజుల తరబడి నిలిచాయి. నీరు తీశాక ఇటుక గోడలు బురద మరకలతో నిలబడే ఉన్నాయి, పార్టిషన్ మాత్రం కింద సగం తడిసిన రొట్టెలా వేలుకు అంటుకుంటోంది. మా మేస్త్రీనే తీసుకెళ్లాను, నీటి గీత పైన ఒక అడుగు దాకా కోసి తీసేశాడు, చానెళ్లు కడిగి వారం పైన ఫ్యాన్లు పెట్టి ఆరనిచ్చి, అప్పుడు కొత్త ముక్కలు వేశాడు. ఆకుపచ్చ బోర్డు వేయమని పిన్ని అడిగింది. అది బాత్రూమ్, వంటగది చెమ్మకు ఓర్చుకుంటుంది గానీ వరదకు కాదమ్మా అని చెప్పి, బేరం పెరిగే అవకాశం ఉన్నా మామూలుదే వేశాడు. అప్పట్నుంచి ఆ మనిషి మీద నాకు గురి.

ఇక మీ మూలన ఉన్న పసుపు మరక. దాన్ని చూసీ చూడగానే కోటు వేసేస్తానన్నవాడిని పంపించేయండి. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో ముందు తేలాలి: పైవాళ్ల బాత్రూమా, ఏసీ డ్రెయిన్ పైపా, స్లాబు పగులా. మా ఇంట్లో అయితే ఏసీ పైపు సీలింగ్ లోపల జాయింటు దగ్గర ఊడి ఉంది, పైవాళ్లతో అనవసరంగా మాట పట్టింపు కూడా వచ్చింది, తరవాత స్వీట్లు తీసుకెళ్లి సర్దుకున్నాం. లీకు ఆగి, బోర్డు పూర్తిగా ఆరాక, గట్టిగా ఉంటే మరక మీద ముందు ఆయిల్ ప్రైమర్ వేసి ఆ పైన రంగు వేయాలి. నేరుగా ఎమల్షన్ వేస్తే నెలలోపు ఆ పసుపు మళ్లీ పైకి తేలుతుంది. మెత్తబడితే ఆ ముక్క నలుచదరంగా కోసి తీసి, వెనక చానెల్ ముక్క ఆసరా ఇచ్చి కొత్తది బిగించి టేపు వేయడమే.

డబ్బు విషయంలో నేను చేసింది: సామాను దిగాక కొంత, ఫ్రేమ్ చూశాక కొంత, బోర్డు అయ్యాక కొంత, చివరి పదోవంతు జాయింట్లు ఆరి ప్రైమర్ పడ్డాక. మేస్త్రీ మొదట ముఖం ముడుచుకున్నాడు, సామాను డబ్బు ఆలస్యం చేయనని చెప్పాక ఒప్పుకున్నాడు. ఒట్టి లేబర్ కాంట్రాక్టు అయితే సామాను మీరే కొనాలి, చానెళ్ల మందం గొడవ అప్పుడు మీ చేతిలోనే ఉంటుంది, తిరగడానికి ఓపిక ఉంటే అదే మంచిది.

మరక ఉన్నచోట బొటనవేలితో కాస్త గట్టిగా నొక్కి చూసి, లోపలికి దిగుతోందో లేదో, ఆ మూల పైన ఎవరి బాత్రూమ్ ఉందో రాయండి. దాన్నిబట్టి ముక్క మార్చాలా, ప్రైమర్‌తో పోతుందా చెబుతాను.