తప్పు డిఫెన్స్‌ది కాదు

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు. చెస్‌లో నల్లపావులు వస్తే ఆట మొదలుపెట్టే పద్ధతుల్లో ఎప్పుడూ కారో-కాన్ డిఫెన్సే ఆడతాడు. మొన్న టోర్నమెంట్‌లో ఏడో ఎత్తుకే శకటు (బిషప్) పోగొట్టుకుని ఓడిపోయాడు. అప్పట్నుంచి దాని బదులు సిసిలియన్ డిఫెన్స్ నేర్చుకుంటానని ఒకటే గొడవ. మార్పించమంటారా? ఎత్తులు రాసుకున్న స్కోర్ షీట్ పంపుతున్నాను.
– ఒక తల్లి, పెరంబూర్, చెన్నై

జవాబు: వద్దండి, ఇప్పుడే మార్పించకండి. షీట్ చూశాను. ఈ4, సీ6, డీ4, డీ5 (ఇవి బంట్లు వెళ్లిన గడుల పేర్లు: అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), తర్వాత తెల్లబంటు ఈ5కి వచ్చింది, మీవాడు శకటును ఎఫ్5కి తెచ్చాడు, అంతవరకు బాగానే ఆడాడు. అసలు కారో-కాన్ ఆడేదే అందుకు, ఫ్రెంచ్ డిఫెన్స్‌లో ఈ6 బంటు వెనక ఇరుక్కుపోయే ఆ శకటు ఇక్కడ ముందే బయటపడుతుంది. కాకపోతే బయటికొచ్చిన శకటును బంట్లు తరుముతాయి. అవతలి పిల్లాడు హెచ్4 ఆడగానే మీవాడు అలవాటు కొద్దీ ఈ6 వేసేశాడు, అక్కడే కొంప మునిగింది. జీ4తో తరిమితే శకటు ఈ4కి, ఎఫ్3తో తరిమితే జీ6కి, హెచ్5 పడేసరికి ఇక పోవడానికి గడే లేదు, హెచ్7లో సొంత బంటే ఉంది మరి! సీ2 బంటును కొట్టినా మంత్రి దాన్ని తీసేస్తుంది. ఆ ఈ6 బదులు నల్లబంటును హెచ్5కి తోసి ఉంటే జీ4 అంత తేలిగ్గా పడేది కాదు, పెద్ద ఆటగాళ్లు ఎక్కువగా ఆడేదీ అదే.

మీ చెన్నైలోనే జరిగిన 2013 ప్రపంచ చాంపియన్‌షిప్ రెండో గేమ్‌లో ఆనంద్ మీద కార్ల్‌సన్ ఆడింది కూడా కారో-కానే. ఆనంద్ ఈ5కి బంటు తోయకుండా గుర్రాన్ని సీ3కి తెచ్చాడు కాబట్టి దారి వేరు, కానీ శకటు కథ మాత్రం ఇదే. ఆనంద్ హెచ్4 ఆడగానే కార్ల్‌సన్ హెచ్6 వేసి హెచ్7 గడి ఖాళీ చేసుకున్నాడు, ఎనిమిదో ఎత్తులో గుర్రం ఈ5కి దూకగానే శకటు అక్కడికి వెళ్లిపోయింది. తర్వాత శకట్లు మారాయి, 18వ ఎత్తులో మంత్రులూ మారాయి, 25 ఎత్తులకు డ్రా. ఈ గేమ్‌ను ఇంజిన్ (ఎత్తులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) లేకుండా బోర్డు మీద ఆడించండి, ప్రతి ఎత్తుకీ ఆ శకటు ఎక్కడెక్కడికి పోగలదో వేలు పెట్టి చూపించమనండి. ఆ హెచ్6ను మాత్రం తన గేమ్‌లో గుడ్డిగా వాడొద్దని చెప్పండి: అక్కడ జీ4 పడ్డాక శకటు హెచ్7కి వెళ్తే, తెల్లవాళ్లు తమ బంటును ఈ6కి తోసి బలిచ్చి ఊపిరాడనివ్వరు.

సిసిలియన్ గొప్ప డిఫెన్సే, కాదనను. కానీ నజ్‌డార్ఫ్, డ్రాగన్, అలపిన్ అంటూ అందులోని రకాలు చదవాల్సింది చాలా ఉంటుంది, స్కూలు నడుస్తుండగా కుదిరే పని కాదు. అప్పటికీ వాడికి మోజు తగ్గకపోతే వేసవి సెలవుల్లో మొదలుపెట్టించండి.