13 అంగుళాల 4కే ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్: ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చాలా?

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని 13 అంగుళాల 4కే ల్యాప్‌టాప్ ఎడిటింగ్‌కి సరిపోతుందా అని అడిగారు కదా. ఫోటోలకైతే టెన్షన్ అక్కర్లేదు. ఆ పనిలో ఎక్కువ భారం ప్రాసెసర్, ర్యామ్ మీదే పడుతుంది. ఏఐ డీనాయిస్ (ఫోటోలోని గరుకు చుక్కల్ని ఏఐతో తీసేయడం) లాంటివి మాత్రం నెమ్మదిగా నడుస్తాయి.

వీడియో దగ్గరే ఆలోచించాలి. 4కే తెర అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. పైగా ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి, అంటే ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే గ్రాఫిక్స్‌కి, సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. కాబట్టి 8 జీబీ మోడల్ అసలు వద్దు. కనీసం 16 జీబీ, అదీ డ్యూయల్ ఛానెల్‌లో (ర్యామ్ రెండు దారుల్లో ఒకేసారి పనిచేసేలా) ఉండాలి. సన్నటి మోడళ్లలో ర్యామ్ చాలావరకు బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ఇది కొనేముందే చూసుకోండి.

కట్లు, టైటిల్స్, మామూలు కలర్ కరెక్షన్ వరకు హాయిగా చేసుకోవచ్చు. హెచ్.264, హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్ల ఫైళ్లను డీకోడ్ చేయడానికి (విప్పి చూపించడానికి) ఈ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చిప్‌లలో ప్రత్యేక భాగమే ఉంటుంది. నాయిస్ రిడక్షన్, నాలుగైదు లేయర్ల ఎఫెక్టులు మీ రోజువారీ పని అయితే మాత్రం విడి గ్రాఫిక్స్ కార్డుకే వెళ్లండి, కాస్త బరువున్నా సరే. సన్నటి బాడీ వేడెక్కితే పెద్ద ఎక్స్‌పోర్టుల్లో వేగం పడిపోతుంది.

ఇప్పుడు మీరు వాడుతున్నది విండోస్ అయితే, ఎడిట్ చేస్తూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పేజీ తెరవండి. 3డీ గ్రాఫ్ అస్తమానం 100 దగ్గరే ఉంటే మీ పనికి గ్రాఫిక్స్ బలం కావాలి. అది ఖాళీగా ఉండి వీడియో డీకోడ్ గ్రాఫే నిండుతుంటే 1080పీ ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి కాపీలు) చేసుకోండి, చాలు.