తాకట్టు చీటీ ఎక్కడ?

బిడ్డా,

వెస్ట్ ఆక్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మీద నువ్వు రాసి పంపిన వ్యాసం మీ నాయన ప్రింటు తీయించి తెచ్చి ఇచ్చి ఇరవై రోజులైంది. మొదటిసారి చదివినప్పుడు చిరాకేసి పక్కన పడేశాను. మర్నాడు పొద్దున చాయ్ తాగుతుంటే పదకొండో పేజీలోని ఒక వాక్యం గుర్తొచ్చింది. "1911లో కప్పు గెలిచి ఇంటికొచ్చాక అప్పు తీర్చలేక, ఆ కప్పునే ఊళ్లోని వీట్‌షీఫ్ హోటల్ యజమానురాలి దగ్గర 40 పౌండ్లకు తాకట్టు పెట్టారు" అని రాశావు కదా, అది. చాయ్ చల్లారిపోయింది. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం.

భాష శుభ్రంగా ఉంది. అచ్చుతప్పులు లేవు. మెచ్చుకోవడం అయిపోయింది, ఇక తిట్లు.

వెస్ట్ ఆక్లాండ్ ఇంగ్లండ్‌లో డర్హం జిల్లా బొగ్గు ఊరు. అక్కడి బాయి పనివాళ్లు 1909లో ఇటలీలోని ట్యూరిన్ వెళ్లి టీ వ్యాపారి లిప్టన్ దొర పెట్టిన ఫుట్‌బాల్ కప్పు గెలిచారు, 1911లో మళ్లీ వెళ్లి మళ్లీ గెలిచారు. ఇంత మంచి సరుకు చేతిలో ఉంటే నువ్వు "ట్యూరిన్ నగరం ఊపిరి బిగబట్టింది" అని మొదలుపెట్టావు. నువ్వు చూశావా బిగబట్టడం? ఈ మధ్య వర్క్‌షాపుల్లో మొదటి వాక్యంతోనే పాఠకుడి కాలర్ పట్టుకోవాలని నేర్పుతున్నారట. నా కాలర్ ఎవరైనా పట్టుకుంటే నేను విదిలించుకుని వెళ్లిపోతాను.

తర్వాత ఆటల మీద ఏడు పేజీలు. 1909 ఏప్రిల్‌లో సెమీస్‌లో స్టుట్‌గార్ట్ వాళ్ల మీద 2-0, ఫైనల్‌లో స్విట్జర్లాండ్ జట్టు వింటర్‌థూర్ మీద 2-0. 1911లో జ్యూరిక్ మీద 2-0, ఫైనల్‌లో యువెంటస్ మీద 6-1. యువెంటస్ అంటే ఇవాళ ప్రపంచమంతా తెలిసిన క్లబ్బు కాబట్టి ఆ 6-1 దగ్గర కాసేపు ఆగు, ఒప్పుకుంటాను. మిగతావి నాలుగు లైన్లలో అయిపోతాయి. "బంతి మెరుపులా దూసుకెళ్లింది" అని నువ్వు రాసిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టాను. తొమ్మిది సున్నాలు వచ్చాయి.

బొగ్గు ఊళ్లో క్లబ్బు కథ ఎప్పుడూ అప్పు దగ్గరే మొదలవుతుంది. నలభై ఏళ్లుగా ఇదే మాట చెప్తున్నాను, వినేవాళ్లు లేరు. ట్యూరిన్‌కి రైలు ఖర్చులు, ఓడ ఖర్చులు ఎవరు పెట్టుకున్నారు? ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం జట్టును పంపనంది. వీళ్లు అమెచ్యూర్లు, ఆడినందుకు జీతం ఉండదు. కొందరు ఇంట్లో వస్తువులు అమ్ముకుని, కుదువ పెట్టుకుని బయలుదేరారు. ఏం అమ్మారు? గడియారమా, పండక్కి వేసుకునే కోటా, పెళ్ళాం కుట్టు మిషనా? కనుక్కో. దొరికితే పేరు పెట్టి రాయి, దొరక్కపోతే దొరకలేదని రాయి. "తమ సర్వస్వాన్నీ ధారపోశారు" అని మాత్రం రాయకు. సర్వస్వాన్ని ఏ కుదువ కొట్టులోనూ తీసుకోరు.

వెళ్లినన్ని రోజులూ బాయికి నాగా. నాగా అంటే కూలి లేదు. ఇది నీకు నేను చెప్పాలా? గోదావరిఖనిలో పుట్టినదానివి, నెలాఖరున మీ నాయన మస్టర్లు, అంటే పనికి దిగిన రోజులు, లెక్కపెట్టుకోవడం చూస్తూ పెరిగినదానివి. అయినా నీ పదిహేడు పేజీల్లో ఒక్కచోట కూడా నాగా అన్న మాట లేదు. ఇంగ్లండ్ వెళ్లగానే మరిచిపోయావా, లేక పరిశోధన వ్యాసంలో ఇంటి మాట పనికిరాదని ఎవరైనా భయపెట్టారా?

నా సంగతి చెప్తాను, విసుగు పడకు. మా నాయన ఇల్లందులో కోల్ ఫిల్లర్, బొగ్గు నింపే పనివాడు. బాయి జట్టుకు గోల్ కీపర్ కూడా. ఒక ఏడు పక్క ఏరియాలో టోర్నమెంటు పెట్టారు. జెర్సీలకి పైసలు రేపొస్తాయి, మాపొస్తాయి అంటూ జాప్యం చేశారు, రాలేదు. నాయన మా అమ్మ కమ్మలు కుదువ పెట్టి పదకొండు జెర్సీలు కొన్నాడు. ఆకుపచ్చవి. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి, లారీ ఎక్కి రాత్రికి రాత్రి తిరిగొచ్చి, తెల్లారి మొదటి షిఫ్టుకి దిగారు. అమ్మ ఏమీ అనలేదు. చెవులకి చీపురు పుల్లలు పెట్టుకుని తిరిగింది.

ఇదంతా కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు పెద్దమనిషి, పేరు ఎందుకులే. "కుదువ కొట్టు సీను ప్లాటును నెమ్మది చేస్తోంది, పైగా పాఠకులు ఓటమిని కోరుకోరు" అని ఇన్‌ల్యాండ్ లెటర్ రాశాడు. నేను జవాబు రాసేలోపే కథ అచ్చయింది. కుదువ కొట్టు లేదు. జట్టు 3-1తో గెలిచింది! నాయనకి చదువు రాదు, చెల్లెలు చదివి వినిపించింది. అంతా విని, బీడీ ఆర్పి, "గెల్చినమా మనం? ఎప్పుడు?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. తను మరిచిపోయిన మ్యాచ్ ఏదైనా ఉందేమో అనుకున్నాడు పాపం.

ఆ రోజు నుంచి గెలుపు కథలంటే నాకు గిట్టదు. "స్ఫూర్తిదాయకం" అన్న మాట ఎవరు రాసినా కొట్టేస్తాను. నీ దాంట్లో నాలుగు కొట్టేశాను.

ఇక వాస్తవాల సంగతి. లిప్టన్ మనుషులు లండన్ క్లబ్బు వుల్విచ్ ఆర్సెనల్‌ను పిలవబోయి, డబ్ల్యూ.ఏ. అన్న పొడి అక్షరాల వల్ల పొరపాటున వెస్ట్ ఆక్లాండ్‌కి ఉత్తరం వేశారని నిశ్చయంగా రాసేశావు. అది ఊళ్లో చెప్పుకునే కథ. లిప్టన్ దగ్గర పనిచేసే మనిషి ఒకడికి ఆ ప్రాంతపు నార్తర్న్ లీగ్‌తో పరిచయం ఉండి ఈ జట్టును కుదిర్చాడని ఇంకో మాట ఉంది. రెండూ రాయి. అంత ముచ్చటగా అతికిన కథను నేనైతే నమ్మను. వినే జనం ఎందుకు ఇష్టపడ్డారో మాత్రం అర్థమవుతుంది.

"మొట్టమొదటి ప్రపంచ కప్పు" అని శీర్షికలోనే పెట్టావు. అసలు ప్రపంచ కప్పు 1930లో ఉరుగ్వేలో మొదలైంది. దానికంటే 21 ఏళ్లు ముందుది కాబట్టి వెస్ట్ ఆక్లాండ్ వాళ్లు అలా చెప్పుకుంటారు, చెప్పుకోనీ. కానీ ట్యూరిన్‌లోనే 1908లో ఇంకో అంతర్జాతీయ టోర్నమెంటు జరిగింది. పైగా ఇక్కడ ఆడినవి దేశాల జట్లు కావు, క్లబ్బులు. నువ్వు చరిత్ర రాస్తున్నావు, బ్యానర్ కట్టడం లేదు.

నాన్-లీగ్ అంటే ఏమిటో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మన పాఠకుడు లీగే లేని క్లబ్బు అనుకుంటాడు. ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులు, వాటి కింద ఉన్నవన్నీ నాన్-లీగ్ అని రెండు లైన్లు రాస్తే సరిపోయేది. వెస్ట్ ఆక్లాండ్ ఆడే నార్తర్న్ లీగ్ పుట్టింది 1889లో. మన ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైందీ 1889లోనే. దీన్నుంచి సిద్ధాంతం లాగకు, నాకు నచ్చింది కాబట్టి చెప్పాను.

జాక్ గ్రీన్‌వెల్ మీద రెండు పేజీలు రాశావు. పక్కనున్న క్రుక్ ఊరివాడు, 1909లో వీళ్లతో అతిథిగా వెళ్లి ఆడినవాడు, తర్వాత బార్సిలోనాకి కోచ్ అయ్యాడు, 1939లో పెరూకి దక్షిణ అమెరికా కప్పు గెలిపించాడు. గొప్పవాడే. కానీ ఆయనది వేరే వ్యాసం. ఆయన ఊరి క్లబ్బు క్రుక్ టౌన్ సంగతి మాత్రం తీసుకో. ఆటగాళ్లకి చాటుగా డబ్బులిచ్చారని 1928లో దాని మీద చర్య తీసుకున్నారు. అమెచ్యూర్ అన్న మాట కింద ఎంత డబ్బు కదిలేదో అక్కడ తెలుస్తుంది. నువ్వు దాని జోలికే పోలేదు.

అసలు కోపం ఇప్పుడు చెప్తాను. ఆ కప్పు ఆ ఇల్లాలి దగ్గర ఎంతకాలం ఉంది? 1911 నుంచి 1960 దాకా. 49 ఏళ్లు! రెండుసార్లు గెలిచి శాశ్వతంగా సొంతం చేసుకున్న కప్పు సగం శతాబ్దం పరాయి ఇంట్లో ఉంది. చివరికి ఊరివాళ్లు 100 పౌండ్లిచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. ఆమె పేరు మిసెస్ లాంచెస్టర్. ఆమె గురించి నువ్వు రాసింది అర వాక్యం. రెండు ప్రపంచ యుద్ధాలు అయ్యాయి, ఆ కప్పు ఎక్కడ పెట్టుకుంది? తుడిచేదా? చుట్టాలొస్తే చూపించేదా? క్లబ్బు మనుషులు వీధిలో కనబడితే ఏం మాట్లాడుకునేవాళ్లు? అప్పిచ్చిన మనిషిని కథలో దుర్మార్గురాల్ని చేయడం సులువు. నువ్వు అది చేయలేదు, సంతోషం. కానీ ఆమెను వదిలేసి మళ్లీ బంతి వెంట పరిగెత్తావు.

మరుసటి ఏడు, 1961లో, ఈ క్లబ్బు లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో అమెచ్యూర్ కప్పు ఫైనల్ ఆడి వాల్థమ్‌స్టో ఎవెన్యూ చేతిలో 2-1తో ఓడింది. ఎఫ్.ఏ. వాజ్ అని చిన్న క్లబ్బులకి ఒక పోటీ ఉంది కదా, దాని ఫైనల్‌కి 2012లో వెళ్లి డన్‌స్టన్ చేతిలో 2-0, 2014లో మళ్లీ వెళ్లి షోలింగ్ చేతిలో 1-0. మూడుసార్లు వెంబ్లీ, మూడుసార్లూ ఓటమి. నువ్వు మూడింటినీ కలిపి "కొన్ని ఒడుదొడుకులు" అన్నావు. ఆ వారపత్రిక సంపాదకుడు బతికుంటే నీకు ఉద్యోగం ఇచ్చేవాడు.

ఇంకొకటి. వేర్‌మౌత్ గనిని 1993 డిసెంబరులో మూసేశారు. డర్హం బొగ్గు బావుల్లో అదే చివరిది. 1994 జనవరిలో వెస్ట్ ఆక్లాండ్ కార్మికుల క్లబ్బులోంచి లిప్టన్ కప్పును దొంగలెత్తుకెళ్లారు. ఇప్పటికీ దొరకలేదు, నువ్వు ఫొటో తీసుకున్నది నకలు. వేర్‌మౌత్ గని ఉన్న చోట 1997లో సండర్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ల స్టేడియం లేచింది, దాని ముందు బాయి దీపం బొమ్మ పెట్టారు. ఈ మూడూ నీ వ్యాసంలో ఉన్నాయి, కానీ మూడు వేర్వేరు పేజీల్లో. పక్కపక్కన పెట్టి ఊరుకో. "ఇది కాకతాళీయమా?" అని అడక్కు, చదివేవాడికి బుర్ర ఉంది.

పబ్లిషర్ ఎవరైతే బాగుంటుందని అడిగావు. ఫొటోలు వేయాలా అనీ, మరి రెండు ప్రశ్నలూ అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

ఈసారి వెస్ట్ ఆక్లాండ్ వాళ్ల డార్లింగ్టన్ రోడ్ మైదానానికి మ్యాచ్ చూడడానికి వెళ్తే స్కోరు రాసుకోకు. గేటు దగ్గర టికెట్లిచ్చేది ఎవరు, ఆట అయ్యాక జెర్సీలు ఎవరింట్లో ఉతుకుతారు, చాయ్ కొట్టు లెక్క ఎవరు రాస్తారు, అవి అడుగు. 1911లో 40 పౌండ్లంటే బాయి పనివాడికి ఎన్ని వారాల కూలో తేల్చు. పౌండ్లలో చెప్తే మనవాళ్లకి ఎక్కదు, మస్టర్లలో చెప్పు.

మీ నాయన చేత కాగితాలు తిప్పి పంపుతున్నాను. లెక్కపెట్టుకో, పదహారే ఉంటాయి. పదకొండో పేజీ నా దగ్గరే ఉంచుకున్నాను. తిరగరాసింది తెచ్చి విడిపించుకో.