వారపు పొలం వాటా: ముందు వాడిపోయేదాన్ని ముందు వండండి

ఇద్దరే ఉన్న ఇంటికి వారానికి ఒకసారి పొలం నుంచి నేరుగా వచ్చే కూరగాయల వాటా తీసుకున్నామనీ, ఆకుకూరలు విపరీతంగా వస్తున్నాయనీ, ఎప్పుడూ వండని దుంపలు కొన్ని ఉంటున్నాయనీ, తర్వాతి పెట్టె వచ్చే వేళకు పాత పెట్టెలో సగం పాడైపోతోందనీ, ఇలాంటప్పుడు వాటాను కొనసాగించాలా మానేయాలా అనీ మీరు అడిగారు. ఏళ్ల తరబడి ఇలాంటి వాటాను నమ్ముకుని వంట చేస్తున్న వ్యక్తిగా నా సలహా ఇది: మానేయడం గురించి నిర్ణయించే ముందు వంట గురించి ఆలోచించే క్రమాన్ని మార్చి చూడండి. ఏం వండాలో ముందు అనుకుని, దానికి కావలసినవి తెచ్చుకోవడం అంగడికి సరిపోయే అలవాటు. పొలం వాటాతో వండేవారు మాత్రం ఏది ముందు వాడిపోతుందో చూసుకుని, దాని నుంచి ఆ పూట వంటను నిర్ణయించుకోవాలి. ఈ ఒక్క మార్పు కుదిరితే పెట్టె బరువుగా అనిపించదు.

ఈ ఏర్పాటు స్వభావాన్ని ముందు గుర్తుంచుకోవాలి. సాధారణంగా మనం సీజన్ మొదట్లోనే డబ్బు కట్టి, ఆ సీజన్‌లో పొలం ఏది ఇస్తే అందులో భాగం తీసుకుంటామని రైతుతో ఒప్పుకుంటాం. 1970లలో జపాన్‌లో తెయికెయి అనే పేరుతో ఇలాంటి ఒప్పందాలు వేళ్లూనుకున్నాయి. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో ఒక్కొక్క పొలం వాటాదారులతో కలిసి ఈ తరహా సేద్యం మొదలుపెట్టింది. వాన ఎక్కువైనా, పురుగు పట్టినా, ఒకే కాయ విరగకాసినా ఆ కష్టసుఖాలన్నీ రైతు ఒక్కరి మీదే పడకుండా తినేవాళ్లు కూడా పంచుకోవాలన్నదే ఇందులోని అసలు ఉద్దేశం. కాబట్టి వరుసగా కొన్ని వారాలు ఒకే రకం కాయ రావడం లోపం కాదు, ఆ వారాల్లో పొలం అలాగే ఉందన్నమాట. సీజన్ మొదట్లో లేత ఆకులు, ఎండలు ముదిరాక కాయలు, చలి దగ్గరపడేసరికి దుంపలు, గుమ్మడికాయలు ఎక్కువగా రావడం చాలా పొలాల్లో కనిపించే వరస. ఆ వరసను ముందే ఊహించుకుంటే వంటింటిని దానికి తగ్గట్టు సిద్ధం చేసుకోవచ్చు.

పెట్టె ఇంటికి చేరిన రోజు ఒక గంట దానికే కేటాయించండి. పాడయ్యేవాటిలో ఎక్కువ భాగం ఆ గంటను రేపటికి వాయిదా వేయడం వల్లే పాడవుతుందని నా గట్టి నమ్మకం. అన్నిటినీ బల్ల మీద పరిచి, ముందుగా ఆకులతో సహా వచ్చిన ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్, టర్నిప్ వంటివాటి ఆకులను కోసి వేరు చేయండి. పొలం నుంచి పీకిన తర్వాత కూడా ఆకు నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది, ఆ నీటిని దుంప నుంచే లాక్కుంటుంది. అందుకే ఆకులతో ఉంచిన ముల్లంగి రెండు మూడు రోజుల్లోనే మెత్తబడి వడలిపోతుంది. బీట్‌రూట్‌కు మాత్రం రెండు మూడు సెంటీమీటర్ల కాడ వదిలి కోస్తే ఉడికేటప్పుడు రంగు అంతగా కారిపోదు. వేరు చేసిన ఆకులు పారేయవలసినవి కావు. ముల్లంగి, బీట్‌రూట్, టర్నిప్ ఆకులన్నీ వండుకుని తినదగినవే, పైగా పెట్టెలో అన్నిటికంటే ముందు వాడిపోయేవి అవే.

తర్వాత ఏది ఎక్కడ ఉండాలో చూసుకోవాలి. ఆకుకూరలకు చలి, తేమ రెండూ కావాలి, కానీ ఆకుల మీద నీరు నిలిస్తే కుళ్లు మొదలవుతుంది. అందుకే నేను వాటిని కడిగితే పూర్తిగా ఆరబెట్టి పెడతాను, ఆరబెట్టే తీరిక లేకపోతే కడగకుండానే పెడతాను. ఎలా పెట్టినా పొడి గుడ్డలో వదులుగా చుట్టి, సంచిలో ఉంచి, ఫ్రిజ్‌లోని కూరగాయల అరలో పెడతాను. టమాటాల సంగతి వేరు. అవి ఎక్కువ రోజులు బాగా చల్లగా ఉంటే వాసన కోల్పోతాయి కనుక పూర్తిగా పండేదాకా బయటే ఉంచడం మంచిది. కీరదోస, వంకాయ, బీన్స్ కూడా గట్టి చలిని ఎక్కువ రోజులు తట్టుకోలేవు. వాటి తొక్క మీద గుంటలు, మచ్చలు వస్తాయి. వాటిని ఫ్రిజ్‌లో చలి తక్కువగా ఉండే చోట పెట్టి రెండు మూడు రోజుల్లో వండేయాలి. బంగాళాదుంపలు చీకటిగా, గాలి ఆడే చోట ఉండాలి. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపల్లో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, కాబట్టి పచ్చని భాగాన్ని లోతుగా కోసి తీసేయాలి, దుంప మొత్తం పచ్చబడితే వాడకూడదు. ఉల్లిపాయలను వాటి పక్కన పెట్టకండి.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. పండిన టమాటాలు, యాపిల్స్, అరటిపండ్లు ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి. అది తగిలితే ఆకుకూరలు త్వరగా పసుపుబారుతాయి, క్యారెట్లు చేదెక్కుతాయి. ఒకే అరలో అన్నీ కలిపి కుక్కితే ఒకటి పండుతూ పక్కనున్నదాన్ని పాడుచేస్తుంది. పండ్లను ఒక చోట, ఆకులూ దుంపలూ మరో చోట ఉంచడానికి ఖర్చేమీ లేదు, కానీ ఆకుల ఆయుష్షు పెరుగుతుంది.

ఇక వండే వరస. లేత ఆకులు, వేరు చేసిన దుంపల ఆకులు, కొత్తిమీర లాంటి సువాసన ఆకులు మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. పచ్చి బఠాణీ, తీపి మొక్కజొన్న కూడా ఆ రెండు రోజుల్లోనే వండాలి. కోసినప్పటి నుంచి వాటిలోని చక్కెర పిండిగా మారుతూ ఉంటుంది, మొదటి రోజు తీపి నాలుగో రోజున ఉండదు. వారం మధ్యలో బీన్స్, వంకాయ, కీరదోస, బ్రకోలీ, కాలీఫ్లవర్ వండుకోవచ్చు. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, బంగాళాదుంప, గుమ్మడికాయ, ఉల్లి, వెల్లుల్లి చివరికి మిగిలినా ఫరవాలేదు. వాటిలో కొన్ని వారాలు, నెలలు కూడా నిలుస్తాయి. నేను పెట్టె సర్దగానే ఒక కాగితం మీద ఈ మూడు వరసలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాను. వంట మొదలుపెట్టేటప్పుడు ముందు ఆ కాగితం చూడటం అలవాటైతే ఏం వండాలన్న ఆలోచన సగం తగ్గిపోతుంది. ఇది చిన్న విషయంలా కనిపించినా, మా ఇంట్లో వృథాను తగ్గించినవాటిలో దీనికే మొదటి స్థానం ఇస్తాను.

మీ ప్రధానమైన ఇబ్బంది ఆకుకూరలతో కనుక వాటి గురించి కాస్త వివరంగా చెబుతాను. పాలకూరలో పదింట తొమ్మిది వంతులు నీరే. బల్ల నిండా కనిపించే కట్ట వేడి తగలగానే ఇద్దరికి ఒక పూటకు సరిపోయేంతగా కుంచించుకుపోతుంది. అందువల్ల ఎక్కువగా వచ్చిన ఆకులను పచ్చిగా దాచుకోవడం కంటే, పెట్టె వచ్చిన రోజు రాత్రే వెడల్పాటి పాత్రలో కొద్దిగా నూనె, వెల్లుల్లి, ఉప్పు వేసి మగ్గించి పెట్టుకోవడం ఎంతో మేలు. అలా మగ్గించినది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజుల పాటు గుడ్లలోకి, ఉడికించిన పప్పుధాన్యాల్లోకి, అన్నంలోకి, రొట్టెల మధ్యలోకి, సూప్‌లోకి ఎప్పుడు కావాలంటే అప్పుడు కలుపుకోవచ్చు. ముదురు ఆకులైతే కాడలను వేరు చేసి, సన్నగా తరిగి, ఆకుల కంటే మూడు నాలుగు నిమిషాలు ముందు వేస్తే రెండూ ఒకేసారి ఉడుకుతాయి. చేదు ఎక్కువగా ఉన్న ఆకులను మరిగే ఉప్పునీటిలో ఒక నిమిషం ముంచి, తీసి, పిండి ఆ తర్వాత వండితే చేదు తగ్గుతుంది. నిమ్మరసం వేయాలనుకుంటే దించిన తర్వాతే వేయండి. పులుపుతో పాటు ఉడికితే ఆకుపచ్చదనం పోయి మట్టిరంగు వస్తుంది. వడలిపోయిన ఆకులు కుళ్లనంతవరకు పనికిరానివి కావు, చల్లటి నీటిలో పావుగంట నుంచి అరగంట వరకు ఉంచితే చాలావరకు తిరిగి నిటారుగా నిలుస్తాయి.

ఎప్పుడూ వండని కూరగాయ వచ్చినప్పుడు దానికోసం ప్రత్యేకమైన వంటకాన్ని వెతకడం కంటే దాని చుట్టాలెవరో తెలుసుకోవడం ఉపయోగకరం. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, కేల్ అనే ఆకుకూర, నూల్‌కోల్ అన్నీ ఒకే జాతి మొక్క నుంచి మనుషులు ఎంచి ఎంచి పెంచుకున్న రూపాలు. కాబట్టి క్యాబేజీ వండటం వచ్చినవారికి నూల్‌కోల్ కొత్తది కాదు: తొక్క మందంగా చెక్కేసి సన్నగా తరిగితే పచ్చిగా తినవచ్చు, ముక్కలు చేసి వేయించవచ్చు, దాని ఆకును కేల్‌లా వండవచ్చు. ఈ కుటుంబాన్నంతటినీ నీటిలో ఎక్కువసేపు ఉడికిస్తే గంధకం వాసన పెరుగుతుంది, అందుకే వీటికి పెద్ద మంట మీద తక్కువసేపు వేయించడం బాగా నప్పుతుంది. అలాగే బీట్‌రూట్, స్విస్ చార్డ్ ఒకే జాతికి చెందినవి. ఒకటి దుంప కోసం, ఇంకొకటి ఆకు కోసం పెంచినది. ఈ చుట్టరికాన్ని అన్నిచోట్లా నమ్మకూడదు కూడా. వంకాయ, టమాటా, బంగాళాదుంప ఒకే కుటుంబంలోవే అయినా బంగాళాదుంప ఆకులు తినదగినవి కావు. రూబార్బ్ అనే మొక్క పుల్లటి కాడలు తింటారు కానీ దాని ఆకులు విషపూరితం. రైతును అడిగి తెలుసుకోకుండా తెలియని ఆకును వండకండి.

వంటకాల కంటే వండే పద్ధతులను నేర్చుకోవడం మేలని నేను అనడం అందుకే. దుంపలు ఏవైనా సరే, ఒకే పరిమాణంలో కోసి, నూనె, ఉప్పు పట్టించి, పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి 200 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో కాల్చవచ్చు. ముక్కలు కిక్కిరిస్తే వాటి నీరు బయటికి పోక, ఎర్రగా కాలడానికి బదులు ఉడికిపోతాయి. ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడులో కొన్ని కొన్నిగా వేయించినా దాదాపు అదే రుచి వస్తుంది. వారం చివర మిగిలిన ఒక క్యారెట్, అర క్యాబేజీ, రెండు టమాటాలు వంటివన్నీ ఉల్లిపాయతో పాటు మగ్గించి, నీళ్లు పోసి ఉడికిస్తే సూప్ అవుతుంది. మా ఇంట్లో కొత్త పెట్టె రావడానికి ముందటి సాయంత్రం వండేది ఎప్పుడూ ఇదే. ఏ వారం సూప్ ఇంకో వారం సూప్‌లా ఉండకపోవడం నాకు ఇప్పటికీ ఇష్టమైన సంగతి.

ఇద్దరే తినే ఇంట్లో ఎంత పద్ధతిగా వండినా కొంత మిగులుతుంది. ఆ మిగులును వాడిపోకముందే, తాజాగా ఉన్నప్పుడే నిల్వ చేయాలి. ముసలిదైన కూరగాయను గడ్డకట్టిస్తే ముసలి కూరగాయే తిరిగి చేతికొస్తుంది. ఆకులను మరిగే నీటిలో రెండు నిమిషాలు, బీన్స్, బ్రకోలీ ముక్కలను మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసునీటిలో చల్లార్చి, తడి లేకుండా చేసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి బాగుంటాయి. ఆ కొద్దిపాటి ఉడుకు రంగును, రుచిని చెడగొట్టే ఎంజైములను ఆపుతుంది, అందుకే దాన్ని వదిలేయకూడదు. టమాటాలను మాత్రం అలాగే గడ్డకట్టించవచ్చు. కరిగేటప్పుడు తొక్క దానంతటదే ఊడి వస్తుంది. లెట్యూస్, కీరదోస, పచ్చి బంగాళాదుంప ఫ్రీజర్‌కు పనికిరావు.

క్యాబేజీ ఎక్కువైతే ఉప్పులో ఊరబెట్టండి. కిలో తురుముకు 20 గ్రాముల ఉప్పు, అంటే బరువులో రెండు శాతం, వేసి నీరు ఊరేదాకా చేత్తో పిసికి, శుభ్రమైన సీసాలో గట్టిగా అదిమి, తురుము ఆ నీటిలో పూర్తిగా మునిగి ఉండేలా పైన బరువు పెట్టాలి. 18 నుంచి 22 డిగ్రీల చోట ఉంచితే కొద్ది రోజుల్లో బుడగలు వస్తాయి, ఒకటి రెండు వారాల్లో మీకు నచ్చిన పులుపు రాగానే ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఉప్పును చెంచాతో కాకుండా తూకం వేసి వేయండి. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి: పులుపు లేని కూరగాయలను మామూలుగా ఉడికించి సీసాల్లో గాలి చొరబడకుండా మూసి బయట నిల్వ చేయడం, వెల్లుల్లిని నూనెలో ముంచి బయట ఉంచడం ప్రాణాపాయకరం. గాలి అందని చోట, ఆమ్లత తక్కువగా ఉన్నప్పుడు బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను కలిగించే బాక్టీరియా పెరగగలదు.

కొనసాగించాలా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఒక నెల రోజులు పైన చెప్పిన వరసలో వండి చూడండి. ఆ తర్వాత కూడా మొదటి రెండు రోజుల్లో తినవలసిన ఆకులే ప్రతి వారం మిగులుతుంటే, వాటా మీ ఇంటికి పెద్దదన్నమాట. అప్పుడు పూర్తిగా మానేయకుండా, సగం వాటా ఉందా, రెండు వారాలకు ఒకసారి తీసుకునే వీలుందా అని రైతును అడగండి, లేదా మరో ఇంటితో కలిసి ఒకే పెట్టెను పంచుకోండి. పంచుకునేటప్పుడు ప్రతిదాన్నీ సగం సగం కోయకుండా, ఎవరికి ఏవి ఇష్టమో వాటిని వారు తీసుకుంటే ఇద్దరికీ బాగుంటుంది. పెట్టెలో ఏమేం రాబోతున్నాయో ఒకటి రెండు రోజుల ముందే తెలియజేయగలరా అని కూడా అడగండి. ఆ జాబితా ముందుగా చేతికొస్తే, ఆ వారం అంగడిలో మళ్లీ కూరగాయలు కొనకుండా నూనె, ధాన్యాలు, గుడ్లు వంటివి మాత్రమే తెచ్చుకోవచ్చు.