నగల కోర్సుకి ఫీజు కట్టే ముందు మూడు నెలలు రాగితో

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ ఫైనలియర్. రెండేళ్ళుగా ఇంట్లోనే పూసలతో, ముత్యాలతో కమ్మలు, దండలు చేసి ఫ్రెండ్స్‌కీ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముతోంది. ఈ మధ్య కంప్లయింట్లు వస్తున్నాయి. ఒకరికి రింగు ఊడిపోయిందట, ఇంకొకరికి హుక్కు నల్లబడి చెవి దురద పెట్టిందట, ఒకావిడకి ముత్యాల దండ పెళ్ళిలోనే తెగిపోయిందట. అయినా ఇదే కెరీర్ అంటోంది. ఒక సంస్థలో ఆరు నెలల జువెలరీ కోర్సుకి 1,80,000 రూపాయలు అడుగుతున్నారు. నెలాఖరులోపు సీటు బుక్ చేసుకోవాలట. మా ఇంటావంటా కంసాలి పని తెలిసినవాళ్ళు లేరు. మావారేమో ఎంబీఏ చేయిద్దామంటున్నారు. ఫీజు కట్టమంటారా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ఇప్పుడే కట్టకండి. కోర్సే వద్దని కాదు, ఈ నెలలో వద్దంటున్నాను. ‘నెలాఖరు’ అనే మాట నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల నోట ఏడాది పొడుగునా వింటూనే ఉంటాను. సీట్లు అయిపోయాయని ఎవరినైనా వెనక్కి పంపినట్టు మాత్రం ఇంతవరకూ వినలేదు.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ కంప్లయింట్ల సంగతే. మీకు టెన్షన్‌గా ఉండొచ్చు. కానీ డబ్బులిచ్చి కొన్నవాళ్ళు తప్పు చూపిస్తున్నారంటే, అమ్మాయికి అప్పుడే పాఠం మొదలైందన్నమాట. ఆ మూడింటికీ కోర్సుతో పనిలేదు, ఈ వారంలోనే సరిచేసుకోవచ్చు. ఈ భాగం అమ్మాయికి చదివి వినిపించండి.

మొదటిది రింగు. కమ్మలో పూసనీ హుక్కునీ కలిపే చిన్న వలయాన్ని కొత్తవాళ్ళు రెండు కొసలూ పట్టుకుని చెరోవైపుకి లాగి తెరుస్తారు. అలా లాగితే గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది, తర్వాత ఎంత నొక్కినా సందు మిగులుతుంది. ఆ సందులోంచే పూస జారిపోతుంది. తలుపు తెరిచినట్టు తెరవాలమ్మా. ఒక కొస నీ వైపుకి, ఇంకో కొస అవతలికి తిప్పాలి. మూసేటప్పుడు కొసల్ని కాస్త దాటించి వెనక్కి తెస్తే అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ సన్నగా ‘టిక్’ మంటాయి. ఆ చప్పుడు వేలికి కూడా తెలుస్తుంది. దీనికి నున్నటి దవడలున్న చిన్న పటకార్లు రెండు కావాలి. పళ్ళున్నవి వాడితే తీగ మీద గాట్లు పడతాయి. తీగ మందం కూడా చూసుకోవాలి. అర మిల్లీమీటరు తీగ చున్నీకి తగులుకుంటే చాలు, విచ్చుకుంటుంది. బరువున్న కమ్మకి 0.8 మిల్లీమీటర్లయినా ఉండాలి.

రెండోది హుక్కు. బేగంబజార్లో డజన్ల లెక్కన కొనే హుక్కులు చాలావరకు ఇత్తడి మీదో ఇంకేదైనా చవక లోహం మీదో పూత వేసినవి. చెమటకి పూత అరిగితే కింద లోహం బయటపడుతుంది. రాగి పాలుంటే నల్లబడుతుంది, ఒక్కోసారి ఆకుపచ్చగానూ మారుతుంది. నికెల్ ఉంటే కొందరి చెవులకి పడదు. చెవిలోకి వెళ్ళే ముక్క వరకైనా 925 వెండి, అంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి ఉన్నది వాడాలి. కొసని ఆకురాయితో (ఫైల్) గుండ్రంగా అరగదీయాలి. పూత నగలంటే నాకు చిన్నచూపేమీ లేదు. బందరు పక్కన చిలకలపూడి పేరు నిలబడింది రోల్డ్‌గోల్డ్ మీదే. పూత ఎంత మందం అన్నదాన్ని బట్టే నగ మన్నిక. అమ్మేటప్పుడు ‘ఇది పూత, నీళ్ళు తగలనివ్వకండి’ అని చెబితే సగం గొడవలు రావు.

మూడోది ముత్యాల దండ. హైదరాబాద్‌లో ఉంటూ ముత్యాలు తెగాయని దిగులుపడితే ఎలా! ముత్యాలు మన మూసీలో పుట్టినవేమీ కాదు, బయటి నుంచి వస్తాయి. ఈ ఊరికి పేరొచ్చింది వాటిని ఏరి, బెజ్జం వేసి, గుచ్చే పనితనంతో. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీలో ముత్యాలు గుచ్చే మనిషి పక్కన అరగంట నిలబడి చూడమనండి. ఒక ముత్యం ఎక్కించగానే దారాన్ని వేలి చుట్టూ తిప్పి వదులుగా ముడి వేస్తాడు. ఆ ముడిలోకి సూది మొన దూర్చి, మొనతోనే ముడిని ముత్యం బెజ్జం దాకా జరిపి, అప్పుడు సూది లాగేస్తాడు. ముత్యానికీ ముత్యానికీ మధ్య అలా ఒక ముడి. తెగినా ఒక్క ముత్యమే జారుతుంది, మిగతావి దండలోనే ఉంటాయి. పైగా ముత్యాలు ఒకదానికొకటి రాసుకోవు. ముత్యం మెత్తటి వస్తువు, గీత పడితే పోదు. సెంటు, నిమ్మరసం, చింతపండు దాని దరిదాపులకి రాకూడదు.

ఇక అసలు విషయం. పూసలు గుచ్చడం వేరు, లోహంతో పనిచెయ్యడం వేరు. అమ్మాయికి రెండోది పడుతుందో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఆమెకీ తెలియదు. లక్షా ఎనభై వేలు కట్టాక తెలుసుకోవడం కంటే, పదివేల లోపు సామానుతో ఇంట్లో మూడు నెలలు రాగితో చేసి చూడడం మేలు. సన్నపళ్ళ రంపం, దానికి డజను బ్లేడ్లు, రెండు మూడు ఆకురాళ్ళు, చిన్న సుత్తి, చేతిలో పట్టుకునే బ్యూటేన్ టార్చ్, నిప్పుకి ఓర్చుకునే ఇటుక, వెలిగారం (బోరాక్స్), వెండి టంకం (కరిగించి అతుకు వేసే లోహం), రాగి రేకు, రాగి తీగ. ఇంతే.

రాగే ఎందుకంటే చవక కాబట్టి మాత్రమే కాదు. రాగి 1085 డిగ్రీల దాకా కరగదు. వెండి టంకం సుమారు 700 దగ్గరే పారుతుంది. మధ్యలో అంత తేడా ఉంటే కొత్త చేతికి ధైర్యం. వెండి అయితే 962కే కరుగుతుంది, కాస్త ఏమరుపాటుగా ఉంటే ఉంగరం కాస్తా గుండయి కూర్చుంటుంది.

మొదటి పాఠంగా ఒక సాదా ఉంగరం చెయ్యమనండి. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, తీగ మందం 2 అనుకుందాం. రెండూ కలిపి 19, దాన్ని 3.14తో గుణిస్తే దాదాపు 60. అంత తీగ కావాలి. మందం కలపడం మర్చిపోతే ఉంగరం వేలి కణుపు దాటదు. రంపంలో బ్లేడు పళ్ళు పిడి వైపుకి చూస్తూ ఉండాలి, కోత కిందికి లాగేటప్పుడే పడుతుంది. బిగించాక గోటితో మీటితే వీణ తీగలా మోగాలి, మొద్దుగా మోగితే ఇంకా వదులన్నమాట. మొదటి వారం రోజుకి అరడజను బ్లేడ్లు విరుగుతాయి. విరగనివ్వండి, తిట్టకండి.

తీగ గట్టిబడి వంగనంటే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాలి, రాగి మెత్తబడుతుంది. ఉంగరంలా వంచాక రెండు కొసలూ అతికే చోటుని దీపం ముందు పెట్టి చూడాలి. వెలుతురు కనిపించిందా, మళ్ళీ ఆకురాయి పట్టాల్సిందే. టంకం సందుని పూడ్చదు, ఆనుకుని ఉన్న అంచుల మధ్యకి మాత్రమే పాకుతుంది. ఇది తెలియక సందు ఉన్నచోట ఇంకాస్త, ఇంకాస్త అంటూ టంకం వేసి పాడుచేస్తారు. తర్వాత అతుకు మీద వెలిగారం రాసి, బియ్యపుగింజలో సగమంత టంకం ముక్క పెట్టాలి. మంటని ఆ ముక్క మీదే పట్టకూడదు. ఉంగరం మొత్తాన్ని చుట్టూ తిప్పుతూ కాచాలి. టంకం వేడి ఎటుంటే అటు పోతుంది. అన్నీ కుదిరిన క్షణంలో ఆ ముక్క కళ్ళముందే మెరిసి, అతుకులోకి గీతలా పారుతుంది. అది చూసి ‘అమ్మా, ఇటు రా’ అని కేక వేసిందంటే ఈ పని ఆమెకి పట్టినట్టే. చిరాకుపడి పక్కన పెట్టేస్తే అదీ మంచిదే, డబ్బు మిగిలింది.

నల్లబడ్డ ఉంగరాన్ని వేడి పటిక నీళ్ళలో కాసేపు ఉంచి, కుంకుడు నురుగుతో ఇత్తడి బ్రష్ పెట్టి రుద్దితే శుభ్రమవుతుంది. ఆ పటిక నీళ్ళలో ఇనుప పటకారు ముంచితే మాత్రం, నీళ్ళలో కరిగి ఉన్న రాగి అందులోని వస్తువులన్నిటికీ పూతలా పట్టుకుంటుంది. చెక్కదో, రాగిదో వాడాలి.

జాగ్రత్తల్లో రాజీ వద్దు. జుట్టు ముడి వేసుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి, నూలు బట్టలే కట్టుకోవాలి, కళ్ళని కాపాడే కళ్ళజోడు తప్పనిసరి. కిటికీ తెరిచి ఉండాలి. క్యాడ్మియం కలిసిన టంకం ఎవరిచ్చినా తీసుకోవద్దు, దాని పొగ ఊపిరితిత్తులకి విషం. పాలిష్ మోటారు దగ్గర గొలుసుని వేళ్ళకి చుట్టుకుని పట్టుకోకూడదు, మోటారు లాగితే వేలు కూడా దానితోనే పోతుంది.

ఈ మూడు నెలల మీద నాకింత పట్టు ఎందుకంటే ఒక పాత తప్పు ఉంది. కొన్నేళ్ళ కిందట నేనే ఒక కుర్రాణ్ణి నగల డిజైన్ కోర్సులో చేర్పించాను. ఆరు నెలలూ కంప్యూటర్ ముందే కూర్చోబెట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటర్వ్యూకి తను గీసిన ఉంగరం పట్టుకెళ్ళాడు. యజమాని దాన్ని పెద్దది చేసి చూసి, ‘రాయిని పట్టుకునే కొక్కేలు వెంట్రుకంత గీశావు, పోత పోస్తే వీటిలోకి బంగారం ఎక్కుతుందా?’ అన్నాడట. జీవితంలో ఒక్కసారైనా కొక్కేన్ని వంచి రాయి బిగించి ఉంటే అలా గీసేవాడు కాదు. ఆ సంస్థని ఏమనుకున్నా, అడగాల్సిన ప్రశ్న అడగనిది నేను.

ఇప్పుడు చాలా నగలు కంప్యూటర్‌లో గీసి, మైనంలో త్రీడీ ప్రింట్ తీసి, పోత పోసినవే. అందుకని రైనో లాంటి సాఫ్ట్‌వేర్ రావడం మంచి ఉద్యోగానికి దారే. ఆ మైనం నమూనా బరువుని బట్టే లోహం లెక్క కడతారు. వెండి అయితే సుమారు పది రెట్లు, 22 క్యారెట్ల బంగారమైతే పదిహేడు పద్దెనిమిది రెట్లు. స్క్రీన్ మీద కాస్త మందం పెంచితే కొనేవాళ్ళ మీద ఎంత భారం పడుతుందో చూడండి. చేతిపని తెలిసిన డిజైనర్‌కి విలువ అక్కడే.

మీవారికి ఒక మాట చెప్పండి, బీకామ్ ఎక్కడికీ పోదు. ఈ వ్యాపారంలో సగం లెక్కలే. తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ, రోజుకో రేటు. 916 అంటే ఏమిటో, హాల్‌మార్క్ పక్కన ఉండే ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ (ఆ నగ గుర్తింపు కోడ్) ఎందుకో వివరంగా చెప్పగలిగిన అమ్మాయిని ఏ షోరూమూ కౌంటర్ ఉద్యోగంతోనే ఆపెయ్యదు. ఎంబీఏ రెండేళ్ళ తర్వాతైనా చెయ్యొచ్చు. డిజైన్‌లో పెద్ద చదువే కావాలంటే మాధాపూర్‌లో నిఫ్ట్ ఉంది, ప్రవేశపరీక్ష రాయాలి. రత్నాలు, నగల మీదే చదువంటే ఐఐజీజే ఉంది, దానికి ముంబయి, జైపూర్ లాంటి చోట్లకి వెళ్ళాలి. పీఎం విశ్వకర్మ పథకం గురించి ఎవరైనా చెప్పొచ్చు. 2023లో మొదలైన ఆ పథకంలో స్వర్ణకారులూ ఉన్నారు, 15,000 రూపాయల పనిముట్ల సాయమూ ఉంది. కానీ అది ఇప్పటికే ఆ వృత్తి చేసుకుని బతుకుతున్నవాళ్ళ కోసం. మీ అమ్మాయికి ఇప్పుడు కాదు.

ఇంటావంటా లేదన్నారు. ఆ బెంగ వదిలెయ్యండి. చార్‌కమాన్ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో చూస్తే పనివాళ్ళలో ఎంతోమంది బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళకి ఈ ఊళ్ళో తాతముత్తాతలు లేరు. అయితే అవుసలవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లాడు పదేళ్ళకే కుంపటి ముందు కూర్చుని చూసింది మీ అమ్మాయి ఇరవై ఒకటో ఏట మొదలుపెడుతోంది. చెయ్యి కుదరడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, ఆరు నెలల్లో అయిపోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. వీలైతే వారానికి రెండు పూటలు నేర్పే పనివారిని వెతకండి. మొదట్లో మీరూ వెంట వెళ్ళి చోటు చూసుకోండి.

మూడు నెలలయ్యాక కూడా కోర్సే కావాలంటే అప్పుడు ఆ సంస్థకి వెళ్ళండి. బ్రోచర్ పక్కన పెట్టించి, ఆరు నెలల్లో టార్చ్ పట్టుకునే గంటలు ఎన్ని, ఒక్కో బెంచీకి ఎంతమంది, వెండి ఎవరిది, మిగిలిన పొడి ఎవరికి, నేర్పే మనిషి ఇంతకుముందు ఏ వర్క్‌షాపులో కూర్చున్నారు అని అడగండి. పోయిన బ్యాచ్‌లో ఒక పిల్ల చేసిన ఉంగరం చేతికిమ్మనండి. అమ్మాయి దాన్ని దీపం ముందు పెట్టి అతుకు చూస్తుంది.