ఆర్‌ఆర్‌యూ మార్చినా వీఎస్‌డబ్ల్యూఆర్ అలారం మళ్లీ వస్తోంది: లోపం ఎక్కడ ఉండవచ్చు?

మొబైల్ టవర్‌పై ఒక సెక్టారులో (ఒక దిశకు సిగ్నల్ ఇచ్చే భాగంలో) వీఎస్‌డబ్ల్యూఆర్ అలారం, అంటే యాంటెన్నాకు పంపిన శక్తి ఎక్కువగా వెనక్కి వస్తోందన్న హెచ్చరిక, వస్తే ఆర్‌ఆర్‌యూ (యాంటెన్నా దగ్గర ఉండే రేడియో మాడ్యూల్) మార్చామని, మూడు రోజుల తర్వాత వాన పడగానే అదే అలారం తిరిగి వచ్చిందని, కొత్తది కూడా చెడిపోయినట్టేనా అని మీరు అడిగారు. వాన పడ్డాకే వచ్చిందన్న మాటలోనే సగం జవాబు ఉంది. దయచేసి ఆ మాడ్యూల్‌ను అప్పుడే దించకండి. ముందు ఆర్‌ఆర్‌యూను యాంటెన్నాకు కలిపే జంపర్ కేబుల్‌నూ, దాని రెండు చివర్ల కనెక్టర్లనూ చూడండి.

యాంటెన్నా వైపు పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగి వస్తోందో కొలిచేది ఆర్‌ఆర్‌యూయే కాబట్టి, లోపం పైన కేబుల్‌లో ఉన్నా అలారం మాత్రం దాని పేరు మీదే కనిపిస్తుంది. వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5 ఉన్నప్పుడు వెనక్కి వచ్చే శక్తి 4 శాతమే; అదే 3కు చేరితే 25 శాతం. కనెక్టర్‌లోకి నీరు చేరితే ఈ విలువ పెరుగుతుంది, ఆరితే తగ్గుతుంది. అందుకే మాడ్యూల్ మార్చిన రోజున ఎండ కాస్తే పని సఫలమైనట్టే అనిపిస్తుంది.

నేను 11 ఏళ్లుగా కృష్ణా జిల్లా తీరప్రాంతపు సైట్లలో పనిచేస్తున్నాను. బందరుకు దగ్గరలోని ఒక టవర్‌పై ఇదే అలారానికి ఒకే వానాకాలంలో రెండు ఆర్‌ఆర్‌యూలు మార్చాను. మూడోసారి జంపర్ విప్పితే లోపల పచ్చగా చిలుము పట్టి, నీటి చుక్క నిలిచి ఉంది. టేపును పై నుంచి కిందికి చుట్టడంతో ప్రతి చుట్టు అంచూ పైకి తెరుచుకొని నీటిని పట్టుకుంది. ఇంటి పైకప్పుకు పెంకులను చూరు నుంచి మొదలుపెట్టి పైకి పరిచినట్టే, చివరి పొరను కింది నుంచి పైకి చుట్టాలి. ఆ రెండు మాడ్యూళ్లలోనూ ఏ లోపమూ లేదని మరమ్మతు కేంద్రం తేల్చింది. ఆ వానాకాలమంతా అక్కడి జనం సిగ్నల్ లేక పడిన ఇబ్బంది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

లోపం ఎటువైపు ఉందో తేల్చడానికి నేను నమ్మే పద్ధతి ఒకటుంది. సెల్‌ను (ఆ సెక్టారు ప్రసారాన్ని) లాక్ చేయించి, ప్రసారం ఆగిందని నిర్ధారించుకొని, ఆర్‌ఆర్‌యూ దగ్గర రెండు పోర్టుల జంపర్లను ఒకదాని చోట మరొకటి బిగించి, సెల్‌ను మళ్లీ తెరిపించండి. అలారం జంపర్‌తోపాటు రెండో పోర్టుకు మారితే లోపం కేబుల్‌లోనో యాంటెన్నాలోనో ఉంది; మొదటి పోర్టులోనే నిలిచిపోతేనే ఆర్‌ఆర్‌యూను అనుమానించాలి. మీకు వానలోనే అలారం వస్తోంది కాబట్టి ఈ పరీక్షను అలారం ఉన్నప్పుడే చేయాలి, అయితే ఉరుములు మెరుపులు ఉంటే టవర్ ఎక్కవద్దు.

నిజంగా మార్చాల్సి వస్తే, కింద ఎంసీబీ (ఆర్‌ఆర్‌యూకు కరెంటు ఇచ్చే స్విచ్) ఆపి, పైన మల్టీమీటర్‌తో వోల్టేజీ లేదని చూశాకే తీగలు విప్పండి. ఎర్త్ తీగను చివర విప్పి, కొత్తదానికి ముందుగా బిగించాలి. మన −48 వోల్టుల వ్యవస్థలో ఎర్త్‌కు కలిసేది పాజిటివ్ వైపు, కొత్తగా వచ్చినవారు ఇక్కడే పొరబడతారు. ఫైబర్ కొసకు వెంటనే మూత పెట్టి, తిరిగి పెట్టే ముందు తుడవండి. 7/16 డిన్ కనెక్టర్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి, 4.3-10 రకానికి 5 చాలు. 4.3-10 రకాన్ని 7/16 డిన్ కొలతతో బిగిస్తే కనెక్టర్ పాడవుతుంది. కరెంటు ఇచ్చాక బీబీయూ (ఆర్‌ఆర్‌యూను నడిపే ప్రధాన యూనిట్) నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కుతున్నంతసేపు ఎవరూ ఎంసీబీ ముట్టుకోకుండా చూడండి.

ఆర్‌ఆర్‌యూలా కాకుండా, షెల్టర్‌లోని (సైట్ పరికరాల గదిలోని) రెక్టిఫయర్ మాడ్యూళ్లను, అంటే ఏసీ కరెంటును డీసీగా మార్చేవాటిని, కరెంటు ఉండగానే మార్చవచ్చు గానీ, మిగిలినవి భారం మోయగలవో లేదో లెక్క చూసుకోవాలి. 50 ఆంపియర్లవి మూడు ఉండి, సైట్ లోడు 70 అయితే, ఒకటి తీసినా 100 మిగులుతుంది. కానీ చాలాసేపు పోయిన కరెంటు అప్పుడే వచ్చి బ్యాటరీలు ఛార్జింగ్ అవుతుంటే ఆ 30 ఆంపియర్ల వెసులుబాటు ఉండదు.

దించిన ఆర్‌ఆర్‌యూకు ఒక చీటీ కట్టి, అలారం ఏ పోర్టులో, ఎంత విలువతో, వానలోనా ఎండలోనా వచ్చిందో, జంపర్లు మార్చి చూస్తే ఏం జరిగిందో రాసి పంపండి.