మత్తు సమయాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కించాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా ఆసుపత్రుల చార్టులకు కోడింగ్ (చేసిన వైద్యసేవలకు బిల్లు కోడ్‌లు వేయడం) చేస్తున్నాను. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్న 58 ఏళ్ల వ్యక్తికి కొలనోస్కోపీ (స్కోపుతో పెద్దపేగు పరీక్ష) చేసిన డాక్టరే మోడరేట్ సెడేషన్ (పిలిస్తే పలికేంత తేలిక మత్తు) కూడా ఇచ్చారు. 9:50కి ముందస్తు పరీక్ష, 10:04కి మత్తుమందు మిడజోలమ్ తొలి డోసు, 10:27కి స్కోపు తీయడం, 10:29కి రోగి నిలకడగా ఉన్నారని చూసి డాక్టరు వెళ్లడం, 10:55కి రికవరీలో చివరి పరిశీలన నమోదయ్యాయి. మొత్తం సమయం లెక్కించాలని ఒక సీనియర్, రెండో పావుగంట నిండలేదు కనుక తొలి పావుగంట సెడేషన్‌కు వేసే 99152 కోడ్ ఒక్కటే వేయాలని మరొకరు అంటున్నారు. ఏది సరైనది?
— ఒక పాఠకురాలు

జవాబు: రెండూ సరికావు. 2017 జనవరి 1న అమలులోకి వచ్చిన ఈ సీపీటీ (అమెరికాలో వైద్యసేవల బిల్లులకు వాడే) కోడ్‌లకు లెక్కించవలసిన సమయం, మత్తుమందు ఇవ్వడంతో మొదలై, ప్రొసీజరు పూర్తయి, రోగి రికవరీకి పంపదగినంత నిలకడగా ఉండి, డాక్టరు రోగి ఎదుట ఎడతెగకుండా ఉండటం ముగిసేవరకు సాగుతుంది. మీ చార్టులో అది 10:04 నుంచి 10:29 వరకు, అంటే 25 నిమిషాలు. ముందస్తు పరీక్షనూ రికవరీనీ ఇందులో కలపకూడదు. కలిపితే చేయని సేవకు బిల్లు వేసినట్టే, ఆ భారం కొంతైనా రోగి మీద పడవచ్చు.

10 నిమిషాలకు తక్కువైతే అసలు కోడ్ వేయకూడదు. 10 నుంచి 22 వరకు 99152 మాత్రమే వస్తుంది; అదనపు పావుగంటలో సగం దాటితే చాలు కనుక, 23 నుంచి 37 వరకు, ప్రతి అదనపు పావుగంటకు వేసే 99153 ఒక యూనిట్ చేరుతుంది. కాబట్టి ఇక్కడ కొలనోస్కోపీ కోడ్‌తోపాటు 99152, 99153 ఒక్కొక్కటి వేయాలి.

అయితే మీరు రాసిన వివరాల్లో ముఖ్యమైనదొకటి కనిపించలేదు. రోగి స్పృహనూ శ్వాసనూ గమనిస్తూ ఉండటానికి శిక్షణ పొందిన మరో వ్యక్తి అక్కడ ఉండాలి, ప్రొసీజరు సాగుతున్నంతసేపూ ఆ వ్యక్తికి వేరే పని అప్పగించకూడదు. ఎప్పుడూ ఒక నర్సు ఉంటుంది కదా అని ఊహించి కోడ్ వేయకండి. చార్టులో లేకపోతే డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపండి.

ఇదే రోగికి మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే 99152 స్థానంలో జీ0500 వేయాలి. అదనపు సమయానికి 99153 అలాగే ఉంటుంది గానీ, ఆసుపత్రిలో చేసిన ప్రొసీజరుకు మెడికేర్ దాని కింద డాక్టరుకు ఏమీ చెల్లించదు. సెడేషన్‌ను మరో డాక్టరు ఇచ్చి ఉంటే 99156, 99157 వర్తిస్తాయి. అనస్థీషియా నిపుణులు మోనిటర్డ్ అనస్థీషియా కేర్ అందించినప్పుడు మాత్రం ఈ కోడ్‌లను వదిలి అనస్థీషియా కోడ్‌లు చూడాలి.